నాలుగు వస్తువులకూ ఎక్స్‌టెండెడ్ వారంటీ కట్టాలా?

ప్రశ్న: అన్నయ్యగారికి నమస్కారం. మాది కాకినాడ. పదమూడేళ్ళు పనిచేసిన మా పాత ఫ్రిజ్ ఈ వేసవిలో ఆగిపోయింది. ఎలాగూ కొనాలి కదా అని ఫ్రిజ్‌తో పాటు ఏసీ, టీవీ, వాషింగ్ మెషీన్ కూడా ఒకేసారి కొన్నాం. అంతా కలిపి 1,52,000 రూపాయలు అయ్యింది. ఏసీ, టీవీ ఈఎంఐలో తీసుకున్నాం. బిల్లు వేసేటప్పుడు షాపులో అబ్బాయి నాలుగింటికీ ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోమన్నాడు. కంపెనీ ఇచ్చే ఏడాది తర్వాత మరో మూడేళ్ళట. ఫ్రిజ్‌కు 3,200, వాషింగ్ మెషీన్‌కు 2,900, టీవీకి 4,900, ఏసీకి 5,900, మొత్తం 16,900. మావారు వద్దన్నారు. "ఏసీ బోర్డు పోతే పన్నెండు వేలు పెట్టుకోవాలి మేడమ్, తర్వాత మీ ఇష్టం" అన్నాడు ఆ అబ్బాయి. అప్పట్నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. పది రోజుల్లోపు వస్తే ఇస్తామన్నారు, ఆరు రోజులు అయిపోయాయి. హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి తీసుకోమంటున్నాడు, మావారు దండగంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, కాకినాడ

జవాబు: చెల్లెమ్మా, ముందు మీ టెన్షన్ తగ్గే మాట చెబుతాను. ఆ మిగిలిన నాలుగు రోజుల్లో మీరు షాపుకు పరుగెత్తాల్సిన పని లేదు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, టీవీలకు ప్లాన్ వద్దు. ఏసీకి మాత్రం తీసుకోండి. అది కూడా షాపు అమ్మే ప్లాన్ కాదు, ఏసీ తయారుచేసిన కంపెనీ ఇచ్చేది. అదీ ఇప్పుడే కాదు, ఏడాది నిండబోయే ముందు. ఎందుకలా అంటున్నానో చెబుతాను, మీ ముగ్గురూ చదవండి.

మీ ఉత్తరంలో నాకు బాధ కలిగించింది ఆ "తర్వాత మీ ఇష్టం" అన్న మాట. లక్షన్నర పెట్టి ఇష్టంగా వస్తువులు తెచ్చుకున్న ఇల్లాలికి ఆరు రోజులు మనశ్శాంతి లేకుండా చేసింది. అయితే ఆ అబ్బాయి మీద కోపం పెట్టుకోకండి. నెలకు ఇన్ని ప్లాన్లు అమ్మాలని అతనికి టార్గెట్ ఉంటుంది, అమ్మినదాని మీద ఇన్సెంటివ్ ఉంటుంది. టీవీ ధర దగ్గర షాపు పక్క షాపుతోనూ, ఆన్‌లైన్‌తోనూ పోటీ పడాలి, మిగిలేది తక్కువ. ప్లాన్ దగ్గర ఆ పోటీ లేదు. బిల్లు కౌంటర్ ముందు నిలబడ్డ మనిషి "ఉండండి, పక్క షాపులో ప్లాన్ ఎంతో కనుక్కుని వస్తాను" అని వెళ్ళడు కదా. అందుకే దాన్ని అంత గట్టిగా అమ్ముతారు.

ఇప్పుడు ఆ పన్నెండు వేల బోర్డు సంగతి. ఏసీతో పాటు వచ్చిన వారంటీ కార్డు తీసి, కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి చదవండి. ఇన్వర్టర్ ఏసీల్లో కంప్రెసర్‌కు 10 ఏళ్ళు ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి. బోర్డుకు, అంటే పీసీబీకి, 5 ఏళ్ళు ఇచ్చేవీ ఉన్నాయి. మీ కార్డులో బోర్డుకు 5 ఏళ్ళని రాసి ఉంటే, ఏ భయంతో మీరు ఆరు రోజులుగా నిద్ర పాడుచేసుకుంటున్నారో ఆ భయానికి మీరు డబ్బు ఎప్పుడో కట్టేశారు, ఏసీ ధరలోనే. ఫ్రిజ్ కంప్రెసర్‌కు, వాషింగ్ మెషీన్ మోటారుకు కూడా 10 ఏళ్ళ వారంటీ ఇప్పుడు మామూలు. ప్లాన్ కొనేముందు ఉన్నదేమిటో చూసుకోవాలి. ఆ కార్డును థర్మోకోల్‌తో పాటు పారేసేవాళ్ళను చాలామందిని చూశాను, మీరు పారేయలేదనే అనుకుంటున్నాను.

అయితే ఆ 10 ఏళ్ళ మాటలో ఒక కిటుకు ఉంది. కంప్రెసర్‌కు 10 ఏళ్ళంటే సాధారణంగా ఆ విడిభాగం ఒక్కటే ఉచితం. దాన్ని బిగించే మనిషి కూలి, నింపే గ్యాస్, రవాణా, వాటి మీద జీఎస్టీ మనమే కట్టుకోవాలి. "పదేళ్ళ వారంటీ అన్నారు, తీరా చూస్తే నాలుగు వేలు అడిగారు" అని ఇలాంటి చోటే జనం గొడవపడతారు. కార్డులో 'కాంప్రిహెన్సివ్', అంటే వస్తువు మొత్తానికీ, అని ఎన్నేళ్ళు రాశారో, 'కంప్రెసర్ ఓన్లీ' అని ఎన్నేళ్ళు రాశారో విడివిడిగా చూడండి. మొదటిది సాధారణంగా ఒక్క ఏడాదే ఉంటుంది.

ఇక డబ్బు లెక్క. 1,52,000 మీద 16,900 అంటే వందకు పదకొండు రూపాయల పైమాటే. మీలాంటి వాళ్ళు వందమంది ఫ్రిజ్ ప్లాన్ కొన్నారనుకోండి. 3,200 చొప్పున మూడు లక్షల ఇరవై వేలు పోగవుతుంది. అందులోంచి 18 శాతం జీఎస్టీ పోవాలి, షాపు కమీషన్ పోవాలి, ప్లాన్ నడిపే సంస్థ జీతాలు, కాల్ సెంటరు ఖర్చు, లాభం పోవాలి. మిగిలినదాంతోనే ఆ వందమంది ఫ్రిజ్‌లూ బాగుచేయాలి. అంటే అందరి రిపేర్లూ కలిపినా కట్టినదానికంటే బాగా తక్కువ అవుతుందన్న లెక్కతోనే ఆ ధర పెడతారు. అందులో మోసం లేదు, ఏ బీమా అయినా అలాగే నడుస్తుంది. కానీ బీమా అనేది మన వల్ల కాని నష్టానికి తీసుకోవాలి. ఇంటాయనకు గుండె ఆపరేషన్ అయితే లక్షలు ఎక్కడినుంచి తెస్తాం? దానికి పాలసీ కావాలి. ఫ్రిజ్‌లో ఫ్యాన్ మోటారు పోతే రెండు మూడు వేలు. కష్టంగా ఉంటుంది, కానీ ఇల్లు గడవకుండా పోదు. అలాంటి చిన్న నష్టాలకు మనమే పూచీ పడితే ఆ కమీషన్, ఆ లాభం మన ఇంట్లోనే ఉంటాయి.

ఇంకొకటి చూడండి. యంత్రాలు ఎప్పుడు పాడవుతాయన్నది. తయారీలో లోపం ఉంటే మొదటి కొన్ని నెలల్లోనే బయటపడుతుంది. అది కంపెనీ ఇచ్చే ఏడాదిలోకి వస్తుంది. ఆ గండం గడిచాక కొన్నేళ్ళు నిమ్మళంగా నడుస్తుంది. మళ్ళీ ఏడో ఏటో, తొమ్మిదో ఏటో బేరింగులు అరగడం, తుప్పు, గ్యాస్ కారడం మొదలవుతాయి. మీ పాత ఫ్రిజ్‌నే గుర్తు తెచ్చుకోండి. రెండు, మూడు, నాలుగో ఏళ్ళలో దానికి ఏమైనా ఖర్చు పెట్టారా? షాపు మీకు అమ్మజూసింది సరిగ్గా ఆ ఏళ్ళకే. వస్తువుకు ఒంట్లో బాగున్న రోజులవి. ముసలితనంలో కాపుకాస్తామనే ప్లాన్ మాత్రం బిల్లు కౌంటర్ దగ్గర అమ్మరు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. కొన్నేళ్ళ కిందట 38,000 పెట్టి టీవీ కొన్నాను. షాపులో చెప్పారని 3,400 కట్టి ప్లాన్ కూడా తీసుకున్నాను. రెండేళ్ళ ఎనిమిది నెలలకు స్క్రీన్ మీద నిలువునా గీతలు వచ్చాయి. మా ఆవిడ "వారంటీ ఉందిగా" అంది. నేనూ ధీమాగానే ఉన్నాను. కంపెనీకి ఫోన్ చేస్తే "వారంటీ అయిపోయింది సార్" అన్నారు. షాపుకు ఫోన్ చేస్తే "ప్లాన్ మాది కాదు, ఫలానా సంస్థది, ఈ నంబరుకు చేయండి" అన్నారు. ఆ సంస్థ వాళ్ళు ఒరిజినల్ బిల్లు ఫొటో, టీవీ వెనక సీరియల్ నంబరు ఫొటో పంపమన్నారు.

బీరువాలో ప్లాస్టిక్ కవర్లో పెట్టిన బిల్లు తీశాను. తెల్లకాగితం. ఒక్క అక్షరం లేదు. అది మిషన్లోంచి వచ్చే ఆ నున్నటి కాగితం, దాని మీద ముద్ర వేడికి, కాలానికి ఎగిరిపోతుంది. ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ వంచి చూస్తే మూల దగ్గర షాపు పేరులో రెండక్షరాలు లేత బూడిద రంగులో కనిపించాయి. మూడేళ్ళు భద్రంగా దాచుకున్నది ఆ రెండక్షరాలనా అని చాలా బాధ వేసింది. షాపు చుట్టూ మూడుసార్లు తిరిగి, నా ఫోన్ నంబరుతో వాళ్ళ కంప్యూటర్లో వెతికించి, డూప్లికేట్ తెచ్చుకునేసరికి రెండు వారాలు అయ్యింది.

తర్వాత మెకానిక్ వచ్చి ప్యానెల్ మార్చాలని, 24,000 అవుతుందని రాసిచ్చాడు. నాలుగు రోజులకు ఫోన్ వచ్చింది: "రిపేరు ఖర్చు ఎక్కువ కాబట్టి బాగుచేయం సార్, వస్తువు విలువ ఇస్తాం." సంతోషించాను. కానీ విలువ అంటే 38,000 కాదు. వాడిన కాలానికి తరుగు తీసేసి లెక్కకట్టారు. చేతికొచ్చింది 19,000, అదీ డబ్బు కాదు, అదే షాపులో కొనుక్కోవాల్సిన వోచరు, మూడు నెలల గడువు. ఈ షరతులన్నీ నాకిచ్చిన పుస్తకంలో ఉన్నాయి. ఆరో పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో. నేను చదవలేదు, నాకెవరూ చెప్పలేదు. నష్టపోయానని అనను, 3,400 కట్టి 19,000 వోచరు తెచ్చుకున్నాను. కానీ "ఏం జరిగినా మాది బాధ్యత సార్" అన్న మాట విని కొన్నది ఇది కాదు.

అందుకే ఎవరు ప్లాన్ చెప్పినా మొదట అడగాల్సింది ఒకటే, కాగితం మీద ఎవరి పేరు ఉందని. టీవీ కంపెనీ పేరే ఉంటే, గడువు పెరిగినా అదే సర్వీస్ సెంటర్, అదే మెకానిక్, అవే ఒరిజినల్ విడిభాగాలు. వేరే సంస్థ పేరుంటే మూడేళ్ళ తర్వాత ఆ సంస్థ ఉంటుందా, షాపుతో వాళ్ళ ఒప్పందం ఉంటుందా అన్నవి కూడా మీరే చూసుకోవాలి. రెండింటినీ ఎక్స్‌టెండెడ్ వారంటీ అనే పిలుస్తారు.

మన ఇళ్ళల్లో వస్తువులు అసలు ఎలా పాడవుతున్నాయన్న దాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మెకానిక్‌లను అడిగి చూడండి. కరెంటు ఒక్కసారిగా పెరిగి బోర్డు కాలిపోవడం. పిడుగు పడినప్పుడు కేబుల్ వైరు గుండా వచ్చి టీవీ పోవడం. వాషింగ్ మెషీన్ కిందనుంచి ఎలుక దూరి వైర్లు కొరకడం. ఏసీ బయటి యూనిట్‌లో బల్లి బోర్డు మీదికి పాకి షార్ట్ అవడం. బోరునీళ్ళలో ఉప్పు పేరుకుని హీటరు, వాల్వు పూడుకుపోవడం. తలుపు రబ్బరు చిరగడం, రిమోట్ పోవడం, పిల్లవాడి బంతి తగిలి స్క్రీన్ పగలడం. ఇప్పుడు ప్లాన్ పుస్తకం చివర 'ఇవి వర్తించవు' అన్న పేజీ తీయండి. వోల్టేజి తేడాలు, పిడుగులు, ఎలుకలు, పురుగులు, తుప్పు, నీళ్ళు, రబ్బరు, ప్లాస్టిక్, గాజు, దెబ్బ తగలడం, చాలా ప్లాన్లలో అక్కడ ఉండేవి ఇవే. మనింట్లో దేనివల్ల వస్తువు పాడయ్యే అవకాశం ఎక్కువో దాన్ని తీసేసి, మిగిలినదానికి డబ్బు తీసుకుంటున్నారన్నమాట. ఈ ఒక్క పేజీ కొనేముందే చూపించమని అడగండి. చూపించలేమంటే ఆ ప్లాన్ వద్దనండి.

ఇక మీ నాలుగు వస్తువులు.

ఫ్రిజ్‌కు వద్దు. అన్నింటికంటే మొండిగా పనిచేసేది అదే, మీ పాతది పదమూడేళ్ళు చేసింది. గోడకు ఆనించకుండా జానెడు ఖాళీ వదలండి, తలుపు రబ్బరు నెలకోసారి తడిబట్టతో తుడవండి. వాషింగ్ మెషీన్‌కూ వద్దు. మోటారుకు కంపెనీ పూచీ ఎలాగూ ఉంటుంది, మిగిలినవి చిన్న ఖర్చులు. కింద ఎలుకల జాలీ పెట్టించండి. మీది బోరునీళ్ళయితే రెండు మూడు నెలలకోసారి డీస్కేలింగ్ పౌడరు, అంటే పేరుకున్న ఉప్పును కరిగించే పొడి, వేసి ఖాళీగా తిప్పండి.

టీవీ దగ్గర కాస్త ఆలోచించాలి. ఎందుకంటే అందులో ప్యానెల్ పోతే టీవీ ధరలో సగం పైగా పోయినట్టే. 4,900 పెట్టి షాపు ప్లాన్ మాత్రం వద్దు, నా అనుభవం చెప్పాను కదా. మొదటి ఏడాదిలోపు ఎప్పుడైనా, దసరాకో దీపావళికో, కంపెనీయే తక్కువ ధరకు ఇంకో ఏడాదో రెండేళ్ళో పొడిగింపు ఇస్తే, ప్యానెల్ కలిపి ఉందని రాసి ఉంటే, అప్పుడు తీసుకుంటే తప్పులేదు. లేకపోతే మానేయండి.

ఏసీకి ఎందుకు తీసుకోమంటున్నానంటే, మీది కాకినాడ కాబట్టి. ఖమ్మంలోనో కర్నూల్లోనో ఉండి ఇదే ప్రశ్న అడిగితే దానికీ వద్దనేవాణ్ణి. సముద్రపు గాలిలో ఉప్పు తేమ ఉంటుంది. అది బయటి యూనిట్ వెనక ఉండే కాయిల్‌ను, దాని పల్చటి రేకులను తినేస్తుంది. కంటికి కనబడని చిల్లు పడుతుంది, గ్యాస్ మెల్లగా కారిపోతుంది, ఏసీ తిరుగుతూనే ఉంటుంది కానీ గది చల్లబడదు. మెకానిక్ వచ్చి గ్యాస్ నింపి మూడు వేలకు అటూ ఇటూ తీసుకుంటాడు. రెండు నెలలకు మళ్ళీ మొదటికొస్తుంది, ఎందుకంటే చిల్లు అలాగే ఉంది.

మా వదినగారిది విశాఖ, బీచ్ రోడ్డుకు దగ్గర్లో ఇల్లు. ఆవిడ ఏసీ కంపెనీ నుంచే ప్లాన్ తీసుకున్నారు, గ్యాస్, కాయిల్ కలిపి ఉన్నది. మూడో వేసవిలో కాయిల్ లీకయ్యింది. మెకానిక్ సబ్బు నురగ రాసి చూపించాడట, ఒకచోట బుడగలు సన్నగా లేస్తున్నాయి. కాయిల్ మార్చి, గ్యాస్ నింపి వెళ్ళారు, రూపాయి తీసుకోలేదు. ప్లాన్ వల్ల కలిసొచ్చినవాళ్ళూ ఉన్నారని మీకు తెలియాలి, అందుకే చెబుతున్నాను. కానీ ఆవిడకు కలిసిరావడానికి కారణం అదృష్టం కాదు. వాళ్ళ ఊళ్ళో ఏది పాడవుతుందో అది ప్లాన్‌లో రాసి ఉంది.

కాబట్టి ఏసీ కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి నేను చెప్పినట్టు అడగండి: "మీ ఎక్స్‌టెండెడ్ వారంటీ ఎప్పటిలోపు కొనొచ్చు? గ్యాస్ చార్జింగ్ కలిపి ఉందా? కండెన్సర్ కాయిల్, కూలింగ్ కాయిల్ రెండూ ఉన్నాయా? కాయిల్ తుప్పు వల్ల లీకైతే వర్తిస్తుందా? కాకినాడలో సర్వీస్ సెంటర్ ఉందా?" తుప్పు ప్రశ్న తప్పకుండా అడగండి, కొన్ని ప్లాన్లు దాన్ని తీసేస్తాయి. తుప్పుకు వర్తించదంటే ఏసీకి కూడా ప్లాన్ మానేయండి, మీకు దానితో పనిలేదు. జవాబులు నోటిమాటగా కాదు, ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో పంపమనండి. ఏడాది వారంటీ ముగిసేలోపు ఎప్పుడైనా తీసుకోవచ్చనే కంపెనీలు చాలా ఉన్నాయి. పది రోజుల గడువు షాపు వాళ్ళది, వాళ్ళ తొందర వాళ్ళది. ఇంకో జాగ్రత్త, 'ఏఎంసీ' అని, అంటే ఏడాదికింత అని కట్టే మెయింటెనెన్స్ ఒప్పందం, ఒకటి అమ్ముతారు. అందులో సర్వీసింగ్ మాత్రమే ఉండేది ఒక రకం, విడిభాగాలు కూడా ఉండేది ఇంకో రకం. పేరు ఒకటే, సరుకు వేరు.

ఒక పని ఈ రోజే చేయండి. ఏసీ, టీవీ ఈఎంఐలో తీసుకున్నామన్నారు. ఆ బిల్లు, ఫైనాన్స్ కంపెనీ నుంచి ఫోన్‌కు వచ్చిన లోన్ వివరాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. మీరు వద్దన్నా ప్లాన్ ధర లోన్‌లో కలిపేయడం అక్కడక్కడా జరుగుతుంది. నెలకు నూటయాభయ్యో రెండొందలో పెరిగితే ఎవరూ గమనించరు. ఉంటే వెంటనే తీసేయమని రాతపూర్వకంగా అడగండి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు కూడా అంతే, కొన్నిచోట్ల ప్లాన్ ముందే టిక్ పెట్టి ఉంటుంది. కొనేవాళ్ళకు చెప్పకుండా బుట్టలో ఇలా అదనపు వస్తువులు, సేవలు కలపడాన్ని 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 'డార్క్ ప్యాటర్న్'ల, అంటే కొనేవాళ్ళను మభ్యపెట్టే పద్ధతుల, జాబితాలో చేర్చింది, చేయకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది. "ప్లాన్ తీసుకుంటేనే ఈ ధరకు టీవీ ఇస్తాం" అని మెలిక పెట్టడం కూడా వినియోగదారుల చట్టం ఒప్పుకునే పని కాదు.

ఇప్పుడు మిగిలిన డబ్బు. ఫ్రిజ్‌వి 3,200, వాషింగ్ మెషీన్‌వి 2,900, టీవీవి 4,900 కలిపితే సరిగ్గా 11,000. ఇది ఎలాగూ కట్టేద్దామనుకున్న డబ్బే కదా, దాన్ని ఇంటి ఖర్చులో కలిసిపోనివ్వకండి. మా అమ్మ పోపుల డబ్బాలో ఆవాల కింద డబ్బు దాచేది, ఏ అవసరానికి దాచిందో దానికి తప్ప తీసేది కాదు. మీరు బ్యాంకులో వేసుకోండి, విడిగా, 'రిపేర్లు' అని పేరు పెట్టుకుని. నాలుగేళ్ళలో ఏ వస్తువుకు ఏ రిపేరు వచ్చినా అందులోంచే తీయండి. ప్లాన్ అయితే టీవీ డబ్బు టీవీకే, ఫ్రిజ్ డబ్బు ఫ్రిజ్‌కే. ఎలుక కొరికితే ఇవ్వరు, రబ్బరు చిరిగితే ఇవ్వరు. మీ 11,000 దేనికైనా వస్తుంది, మిక్సీకైనా వస్తుంది. ఏమీ పాడవకపోతే వడ్డీతో సహా మీదే.

అందులోంచి కొంత ముందే ఖర్చు పెట్టమంటాను, ఎర్తింగ్‌కు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీ ఇంటి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో చూపించండి. పాత ఇళ్ళల్లో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది, వెనక ఎర్త్ వైరే ఉండదు. మీ వీధిలో వోల్టేజి బాగా ఎగుడుదిగుడుగా ఉంటే, 'స్టెబిలైజర్ అక్కర్లేదు' అని రాసి ఉన్నా ఏసీకి ఒకటి పెట్టించండి. ఆ మాట కార్డులో రాసిన వోల్టేజి హద్దుల మధ్యే నిజం. టీవీకి సర్జ్ ప్రొటెక్టర్, అంటే ఒక్కసారిగా పెరిగే కరెంటు నుంచి కాపాడేది, ఉన్న బోర్డు వాడండి. విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి పిడుగుల మెసేజ్ ఫోన్‌కు వచ్చిందంటే, ఉరుములు మొదలవకముందే టీవీ ప్లగ్గు, దానితో పాటు కేబుల్ వైరు కూడా పీకేయండి. చాలామంది ప్లగ్గు పీకి కేబుల్ మరిచిపోతారు. ఏసీ బయటి యూనిట్‌ను నెలకోసారి, కరెంటు ఆపేసి, మంచినీళ్ళతో మెల్లగా కడిగించండి. ఉప్పు పేరుకోదు. కాకినాడలో కాయిల్ ఎక్కువ కాలం నిలవాలంటే ఇది చాలా అవసరం.

మీ పరిస్థితి వేరు కానీ, ఇది చదివే ఇంకొందరి కోసం ఒక మాట. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, ఊళ్ళో డెబ్బై దాటిన తల్లిదండ్రులు ఇద్దరే ఉన్న ఇళ్ళు మనకు చాలా ఉన్నాయి. అక్కడ లెక్క మారుతుంది. మెకానిక్‌ను వెతికే ఓపిక, బేరమాడే ఓపిక వాళ్ళకు ఉండదు. ఒక్క నంబరుకు ఫోన్ చేస్తే కంపెనీ మనిషి ఇంటికొచ్చి డబ్బు అడగకుండా చేసిపెట్టి వెళ్ళడం వాళ్ళకు పెద్ద ఊరట. అలాంటప్పుడు కంపెనీ ప్లాన్ కట్టండి, రెండు వేలు పోయినా పర్వాలేదు. అయితే కట్టేముందు ఆ ఊరి పిన్‌కోడ్ చెప్పి, మెకానిక్ ఇంటికి వస్తాడా, వస్తువునే జిల్లా కేంద్రానికి మోసుకెళ్ళాలా అని కనుక్కోండి. మోసుకెళ్ళాలంటే ఆ ప్లాన్ పెద్దవాళ్ళకు దేనికీ కొరగాదు.

ఏడాది వారంటీ పూర్తిగా వాడుకోవడం మీద మాత్రం మనవాళ్ళకు పట్టింపు తక్కువ. ఫోన్‌లో పదకొండో నెలకు అలారం పెట్టుకోండి. అప్పుడు నాలుగు వస్తువులనూ పరీక్షగా చూడండి. వాషింగ్ మెషీన్ తిరిగేటప్పుడు కొత్త శబ్దం వస్తోందా, ఫ్రిజ్ పైగదిలో మంచు ఒకవైపే కడుతోందా, టీవీలో ఎక్కడైనా మచ్చ ఉందా, ఏసీ మునుపటిలా చల్లబరుస్తోందా. చిన్న అనుమానం ఉన్నా కంప్లయింట్ రాయించి నంబరు తీసుకోండి, మెకానిక్ వచ్చి వెళితే జాబ్ షీట్, అంటే అతను ఏం చూశాడో ఏం చేశాడో రాసే కాగితం, కాపీ అడిగి తీసుకోండి. వారంటీలో ఉండగానే చెప్పిన లోపం తర్వాత మళ్ళీ వస్తే, గడువు దాటిందని కంపెనీ తప్పించుకోవడం అంత తేలిక కాదు. చేతిలో జాబ్ షీట్ ఉండాలి, అంతే. ఇంకో సంగతి, ఏసీ కొన్న చాలా రోజులకు బిగించి ఉంటే బిగించిన తేదీ కూడా రాసి పెట్టుకోండి. ఇలాంటి వస్తువులు బిగిస్తే తప్ప వాడలేం కాబట్టి, వారంటీ బిగించిన నాటినుంచి లెక్కపెట్టేలా మార్చమని 2024లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కంపెనీలను కోరింది. మీ కంపెనీ ఏం పాటిస్తోందో అడగడంలో తప్పులేదు.

ఎవరైనా సతాయిస్తే 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే చెప్పుకోవచ్చు. అక్కడ కంప్లయింట్ నమోదయ్యాక అప్పటిదాకా ఫోన్ ఎత్తని కంపెనీలు వాటంతట అవే ఫోన్ చేసిన సందర్భాలు నాకు తెలుసు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వస్తువు ఎక్కడ కొన్నా మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, ఆన్‌లైన్‌లో కూడా. 5 లక్షల లోపు వస్తువైతే ఫీజు లేదు, లాయరు లేకపోయినా మీరే చెప్పుకోవచ్చు. సమస్య మొదలైన రెండేళ్ళలోపు వేయాలి.

మీవారు దండగన్నది మూడింటి విషయంలో సరిపోయింది, మీ అబ్బాయి తీసుకోమన్నది ఒకదాని విషయంలో. ఇద్దరికీ ఈ జవాబు చదివి వినిపించండి. అబ్బాయికి ఇంకో పని కూడా అప్పజెప్పండి. మీ నాలుగు బిల్లులూ ఆ నున్నటి కాగితం మీద ఉంటే ఈ రాత్రికే లైటు బాగా ఉన్నచోట పెట్టి, వస్తువుల వెనక సీరియల్ నంబర్లతో పాటు ఫొటోలు తీసి అతనికి పంపండి. వాటిని అతను ఈమెయిల్‌లో భద్రం చేసి, ఒక సెట్టు ప్రింటు తీయించి, ఈసారి ఊరికి వచ్చినప్పుడు తెచ్చి మీ బీరువాలో పెట్టమనండి.